గుర్తు లేనిది బతికితే

మేడమ్ పోయారన్న కబురు నాకు ఆవిడ దగ్గర పనిచేసిన అప్పన్న చెప్పాడు. గాజువాకలో బస్సు దిగి డ్యూటీకి నడుస్తున్నాను. ఫోను మోగింది.

"బావా, మేడమ్ గోరు పోనారంట."

"ఎవులు సెప్పారు?"

"ఆల తమ్ముడు. నిద్దట్లోనే పోనారంట. నాను బయల్దేరతన్నాను. నువ్వు డూటీలో సెప్పేసి రా."

వెళ్ళి చెప్పాను. ఇప్పుడున్న మేనేజరు మేడమ్ రిటైరయ్యాక వచ్చినవాడు. "ఏ మేడమ్?" అన్నాడు. పశువుల టీకాలు పరీక్ష చేసే మేడమ్ అన్నాను. "ఓహో, ఎలకల డాక్టరమ్మా?" అన్నాడు. అందులో అతని తప్పేం లేదు. మా గేటు బయట టీ బడ్డీ దగ్గర్నుంచి ఆవిడ ఉండే వీధి దాకా అందరికీ ఆవిడ ఎలకల డాక్టరమ్మే. ఆవిడకి ఆ మాట తెలుసు. "నయం, దోమల డాక్టరు అనలేదు" అనేవారు.

శ్మశానానికి వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఎండగా ఉంది. అప్పన్న ఒక మూల చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆవిడ తమ్ముడు మా ఇద్దరినీ చూసి, "అక్క మీ గురించి చెబుతూ ఉండేది" అన్నారు. ఏం చెప్పేవారో మేము అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఈ మధ్య ఇలాంటి ప్రయాణాలు ఎక్కువయ్యాయి. ఒళ్ళు అలసిపోతోంది.

నేను చదివింది తక్కువ. స్టోరులో మేత, మందులు, గడ్డి, రంపపు పొట్టు రాకపోకలు రోజూ రాసుకోవడం తప్ప వేరే రాత అలవాటు లేదు. అయినా ఆవిడ గురించి రాసేవాళ్ళు ఎవరూ నాకు కనపడలేదు. అందుకని రాస్తున్నాను.

మా యూనిట్ చిన్నది. పశువులకొచ్చే జబ్బవాపుకీ, గొంతువాపుకీ, గొర్రెలకొచ్చే చిటుక రోగానికీ టీకాలు తయారు చేస్తుంది. ప్రతి బ్యాచ్ బయటికి వెళ్ళే ముందు దానికి సత్తువ ఉందో లేదో చూడాలి. ప్రతి బ్యాచ్‌కీ ఆవుల మీద చూడటం కుదరదు. ఎలుకలు, కుందేళ్ళు, గినీపందుల మీద చూస్తారు. ఆ పని మేడమ్‌ది. కొత్తలో నేను మేత బుట్ట దింపి వెళ్ళిపోతుంటే ఆవిడ ఆపారు.

"స్టోర్స్ గారూ, మీరు తెచ్చే ఆకు ఎక్కడికి పోతోందో ఎప్పుడైనా అడిగారా?"

లేదన్నాను. అప్పుడు చెప్పారు. జబ్బవాపు టీకా అయితే గినీపందుల్ని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకి టీకా, కొన్ని వారాల తర్వాత మళ్ళీ టీకా. రెండో జట్టుకి ఏమీ ఉండదు. చివరికి రెండు జట్లకీ అదే జబ్బు క్రిమిని సూదితో ఎక్కిస్తారు. టీకా పడినవి బతకాలి. పడనివి చావాలి.

"పడనివి కూడా బతికితే మంచిదే గదండీ?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అవి బతికితే మనం ఎక్కించిన క్రిమికే బలం లేదని అర్థమండీ. అప్పుడు టీకా వేసినవి టీకా వల్లే బతికాయని ఎలా చెప్తాం? సీసాని అడిగితే సీసా చెప్పదు. గుర్తు లేనిది బతికితే పరీక్ష చెల్లదు."

గుర్తంటే ఊదారంగు మందు చుక్క. టీకా పడినవాటికి వీపు మీద పెడతారు. రెండో జట్టుకి పెట్టరు. ఆ రంగు పది రోజుల్లో వెలిసిపోతుంది. వెలిసినప్పుడల్లా మళ్ళీ పెట్టడం అప్పన్న పని. బోన్లు కడగడం, పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం కూడా అతనివే.

మేడమ్ వాళ్ళది కృష్ణా జిల్లా. నాన్నగారు స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇన్నేళ్ళున్నా ఆవిడ మాటకి మా యాస అంటలేదు గాని, చెవి మాత్రం మాదే. అప్పన్న ఎంత వేగంగా మాట్లాడినా ఒక్క ముక్క వదిలేవారు కాదు. జంతువుల గదిలోకి వెళ్ళే ముందు గాజులు, వాచీ తీసి కిటికీలో పెట్టేవారు. గాజుల చప్పుడుకి కుందేళ్ళు బెదురుతాయని. పోర్టు బొగ్గు దుమ్ము మా దాకా వచ్చేది. కిటికీ అద్దాలు రోజూ నల్లబడేవి. వాటిని తుడవమని ఎవరికీ చెప్పకుండా తనే తుడిచేవారు. గినీపందిని ఎత్తితే ఒక చెయ్యి దాని వెనక కాళ్ళ కింద పెట్టి పొట్టకి ఆనించుకునేవారు. గాల్లో వేలాడదీసి పట్టుకున్నవాళ్ళని చూస్తే, "మిమ్మల్ని చొక్కా కాలరు పట్టుకుని ఎత్తితే ఎలా ఉంటుంది?" అనేవారు.

వాటికి పేర్లు పెట్టనిచ్చేవారు కాదు. కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఒకమ్మాయి ఒకదాన్ని బుజ్జి అని పిలిస్తే, "బుజ్జికి రేపు నువ్వే సూది వెయ్యాలి. వేస్తావా?" అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ పిలవలేదు.

గినీపందులకి పచ్చాకు పడకపోతే చిగుళ్ళు పాడవుతాయి. నేను రైతుబజారులో కేబేజీ పై ఆకులు, కొత్తిమీర కాడలు గోనెసంచిలో పట్టుకొచ్చేవాణ్ణి. అక్కడ కూరల ముసలమ్మ ఒకత్తె రోజూ నన్ను చూసేది.

"ఏటి బాబూ, మీ ఓటల్లో ఈ ఆకులేనేటి వొండేది?"

"ఓటలు కాదు మామ్మా."

"మరెవులు తింతారు?"

"పశువుల టీకాలు సూసే జంతువులు."

ఆమె నా సంచిలోకి తొంగి చూసి, "అలాగైతే ఈ కాడలు ఒగ్గేయ్, మంచియి ఇత్తాను. పోయే పేనం పచ్చగా తిననీ" అంది. ఆ మాట మేడమ్‌కి చెప్పాను. ఆ తర్వాత వాడిన ఆకు వస్తే, "మామ్మ చూస్తే తిడుతుందండీ" అనేవారు.

ఇక ఆ ఏడాది సంగతి రాయాలి. అది రాయకపోతే ఆవిడ గురించి రాసినట్టు కాదు.

వేసవి చివర. జబ్బవాపు టీకా బ్యాచ్ పరీక్షలో ఉంది. ఈ జబ్బు తొలకరి వానలతో పాటు వస్తుంది. బాగా మేసి బలిసిన పడుచు పశువునే పట్టుకుంటుంది. పొద్దున కుంటిన పెయ్య సాయంత్రానికి ఉండదు. అందుకని వానలకి ముందే టీకా ఊళ్ళకి చేరాలి. మా బ్యాచ్ భీమిలి అవతల పల్లెలకి వెళ్ళాల్సింది. అప్పన్న సొంతూరు అక్కడే. వాళ్ళన్నయ్య వ్యవసాయం చేసేవాడు. మంచి పెయ్య ఒకటి, దాని వెనక పుట్టిన దూడ ఒకటి ఉండేవి.

క్రిమి ఎక్కించాక రోజూ మేడమ్ ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఇక లేవలేవు అన్నవాటిని బాధపడనివ్వకుండా నిద్రపుచ్చేవారు. ఆ రోజుల్లో ఆవిడ డబ్బా అన్నం అలాగే ఇంటికి తిరిగి వెళ్ళేది. ఆ పరీక్షలో గుర్తు లేనివి ఒక్కొక్కటే పోయాయి. గుర్తున్నవి మేత తింటున్నాయి. అంతా సరిగ్గానే నడుస్తోందనుకున్నాం. తర్వాత గుర్తున్నవాటిలో ఒకటి చచ్చిపోయింది. గుర్తు లేనివాటిలో ఒకటి మాత్రం చావలేదు. కేబేజీ ఆకు పట్టుకుని నములుతూ కూర్చుంది.

నేను మేత బుట్టతో వెళ్ళేసరికి మేడమ్ చచ్చినదాన్ని బల్ల మీద పెట్టి చూస్తున్నారు. దాని కడుపులో పిల్లలున్నాయి. అప్పన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం చూస్తే జ్వరం తగిలినవాడిలా ఉన్నాడు.

"అమ్మా, నాను మార్చీసినాను" అన్నాడు.

మేడమ్ తలెత్తారు.

"గుర్తు నేని జట్టులో ఇది సూలు కట్టిందని తెలిసిపోనాది. మా పిల్ల పురుటికొచ్చి ఇంట్లో ఉందండమ్మా. ఇంట్లో సూలుమనిషి ఉంటే సూలుదాన్ని సావనివ్వకూడదు. పాము కూడా కరవదంటారు. రెండో టీకా వేసే రోజున దీన్ని అటేపు పెట్టి, అటేపు ఒకదాన్ని ఇటేపు పెట్టీసినాను. దాని సుక్క అప్పటికే ఎలిసిపోనాది, దీనికి సుక్క నానే పెట్టినాను. ఆ రోజు తమరు సెలవు. రెండో సూది దీనికీ పడతాది గదా, బతికేత్తాదనుకున్నాను."

రెండో సూది పడింది. కానీ మొదటిది లేకుండా ఆ ఒక్కటీ సరిపోలేదు. అటు వెళ్ళినదానికి మొదటి సూది పడి ఉంది కాబట్టి అది బతికింది.

మేడమ్ గుడ్డ ఒకటి అందుకున్నారు. "నాతో చెప్తే మొదట్లోనే తీసేసేదాన్ని కదా అప్పన్నా. చూలుతో ఉన్నవాటిని పరీక్షలో పెట్టనే పెట్టకూడదు. అది నా రూలు" అన్నారు.

"నాకు తెలీదమ్మా. తమరు ఇలాటియి ఇనరనుకున్నాను."

అది విన్నప్పుడు ఆవిడకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. చచ్చినదాన్ని గుడ్డలో చుడుతూ, "క్రిమి ఎక్కించేటప్పుడు దీని పొట్ట నా అరచేతికి తగిలింది" అన్నారు. "ఆగాను. వీపు మీద చుక్క చూశాను. టీకా పడిందే కదా, ఏం కాదులే అనుకుని ఎక్కించాను. నువ్వు దాచావు. నేను చూసి వదిలాను."

అప్పటి మేనేజరు చెడ్డవాడు కాదు. వానలు దగ్గరపడ్డాయని అతని భయం అతనిది. మేడమ్ గదిలోకి వచ్చి, "రెండూ అటూ ఇటూ అయ్యాయని వాడే ఒప్పుకుంటున్నాడు కదండీ. వెనక్కి మార్చి లెక్కేసుకుంటే బ్యాచ్ పాసే కదా" అన్నాడు.

"వాటికి చెరొక సూదే పడింది. అవి ఆ జట్టువీ కావు, ఈ జట్టువీ కావు."

"రెండూ తీసేయండి."

"మిగిలినవి చాలవు."

"మీకు తెలుసు కదండీ టీకా బాగుందని."

"అనుకుంటున్నాను. నేను అనుకున్నదానికేనా ఇన్నిటిని చంపింది?"

"మేడమ్, వానలొచ్చేస్తున్నాయి."

"తెలుసు."

మళ్ళీ మొదటి నుంచి చేస్తానన్నారు. మళ్ళీ టీకా, మళ్ళీ వారాలు, మళ్ళీ టీకా, మళ్ళీ వారాలు. మళ్ళీ ఒక జట్టు చావాలి. మేనేజరు అప్పన్నని తీసేస్తానన్నాడు. "ఆ గదిలో ఏం జరిగినా సంతకం నాది. ముందు నన్ను తీసెయ్యండి" అన్నారు మేడమ్. అతను తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పన్న తనని సీసాలు కడిగే పనికి మార్చమని అడిగాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు వెళ్ళిపోతే ఇంకొకరు చూడాలి. ఉండు. ఇద్దరం చూద్దాం" అన్నారు. రెండోసారి పరీక్షకి జంతువులు వచ్చినప్పుడు ప్రతి ఆడదాని పొట్టా ఇద్దరూ తడిమి చూశారు. ఒకరు చూసినదాన్ని రెండోవాళ్ళు మళ్ళీ చూశారు. చూలుతో ఉన్నవాటిని పక్కన పెట్టారు. ఆ వారాలన్నీ ఆ గదిలో మాటలు తగ్గిపోయాయి. నేను బుట్ట దింపి వచ్చేసేవాణ్ణి.

మధ్యలో అప్పన్న కూతురికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డా బాగున్నారు. అప్పన్న మిఠాయి తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాడు. ఆవిడ తిన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

రెండో పరీక్ష పూర్తి కాకుండానే వానలొచ్చాయి. భీమిలి అవతల జబ్బవాపు పడింది. ప్రభుత్వం వాళ్ళు వేరే చోట నుంచి కొంత టీకా తెప్పించారు గాని అది అన్ని ఊళ్ళకీ అందలేదు. ఒకరోజు అప్పన్న ఆలస్యంగా వచ్చాడు. నేరుగా జంతువుల గదిలోకి వెళ్ళి బోన్లు కడగడం మొదలుపెట్టాడు.

"ఏంటప్పన్నా?" అన్నారు మేడమ్.

"మా అన్న పెయ్య పోనాదమ్మా."

అంతే అన్నాడు. ఆవిడ లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు.

రెండో పరీక్షలో గుర్తున్నవన్నీ బతికాయి. గుర్తు లేనివన్నీ పోయాయి. అంటే ఆ టీకా మొదటి నుంచీ మంచిదే. ఆ వారాలన్నీ అది చల్లగదిలో పనికొచ్చే టీకాగానే కూర్చుని ఉంది.

ఆవిడ చేసింది సరైందేనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పన్నని అడిగితే, "నాను సేసిందానికి ఆవిడ పడ్డారు బావా" అంటాడు. అది జవాబు కాదు. ఆవిడని ఒకసారి అడిగాను. రిటైరవబోయే ముందు, బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే. "మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ అలాగే చేస్తానండీ. చేసి మళ్ళీ ఇలాగే నిద్ర పట్టక కూర్చుంటాను" అన్నారు. ఆ ఏడాది తర్వాత ఆవిడ ఎక్కడెక్కడికో రాసి, తిరిగి, కొన్ని టీకాలకి క్రిమి ఎక్కించకుండా రక్తం చుక్క తీసి బలం తెలుసుకునే పద్ధతి మా యూనిట్‌కి తెప్పించారు. ఇప్పుడు బోన్లు సగానికి పైగా ఖాళీ. నేను తెచ్చే ఆకు కూడా తగ్గింది. జబ్బవాపుకి మాత్రం ఇంకా పాత పద్ధతే నడుస్తోంది.

ఆ ఏడాది బ్యాచ్ పాసైన మర్నాడే టీకా పెట్టెలు జీపులో పెట్టించి, ఆవిడ స్వయంగా అప్పన్న ఊరు బయల్దేరారు. టీకా వేసేది పశువుల డాక్టరు మనుషులు. ఈవిడ వెళ్ళాల్సిన పని లేదు. పెట్టెల లెక్క అప్పగించాలి కాబట్టి నేనూ వెళ్ళాను. అప్పన్న ముందు సీట్లో కూర్చున్నాడు. దారంతా సన్నటి వాన.

ఊరి బడి గోడ పక్కన జనం పశువుల్ని పట్టుకుని నిలబడ్డారు. అప్పన్న అన్నయ్య వచ్చాడు, ఒట్టి చేతులతో. పెద్దమనిషి, గొంతు పెద్దది.

"ఈ టీకా మీరు సేసిందేనేటమ్మా?"

"మేము పరీక్ష చేసిందండీ."

"పరీచ్చ? మా తమ్ముడు సెప్పినాడు, ఎప్పుడో తయారైపోనాదంట గదా. ఇన్నాళ్ళూ ఏటి పరీచ్చలమ్మా? నా పెయ్య సచ్చేదాకానా?"

పక్కనున్నవాళ్ళు మాటలాపి చూశారు.

"నేనే ఆపానండీ. మొదటిసారి పరీక్ష చెడింది. చెడగొట్టింది నేనే. మళ్ళీ చేసేసరికి ఆలస్యమైపోయింది."

అప్పన్న ముందుకి వచ్చాడు. "అన్నా, అదికాదు, నాను..."

"అప్పన్నా, ఐసు పెట్టె మూత తెరిచి ఉంది. వెళ్ళి వెయ్యి" అన్నారు మేడమ్.

మూత వేసే ఉంది. అప్పన్న ఆవిడ మొహం చూశాడు. వెళ్ళి పెట్టె దగ్గర నిలబడ్డాడు.

"సదూకున్నోలు. మీకేటి తెలుత్తాది, పెయ్యని పెంచడమంటే" అని అన్నయ్య వెనక్కి తిరిగాడు.

"దూడ ఉందని అప్పన్న చెప్పాడండీ. దాన్ని తీసుకురండి" అన్నారు మేడమ్. అతను ఆగలేదు. బురదలో చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా టీకాలు సాగాయి. మేడమ్ కూర్చోలేదు. వచ్చిన ప్రతి పశువునీ చూశారు. ఎవరో కొబ్బరిబోండాం తెస్తే నాకిచ్చారు. క్యూ అయిపోయింది. డాక్టరు మనుషులు సూదులు సర్దడం మొదలుపెట్టారు. మేడమ్ వీధి చివరికి చూస్తూ, "ఇంకొంచెం ఉందామండీ" అన్నారు. వాళ్ళు మరో ఊరు వెళ్ళాలన్నారు. "ఇంకొంచెమే" అన్నారు.

జీపు తిప్పుతుండగా అప్పన్న అన్నయ్య వచ్చాడు. దూడ ఎర్రది, వానకి ఒళ్ళు నల్లబడింది. దూడని పట్టుకోబోతున్న తమ్ముడి చెయ్యి తోసేశాడు. తాడు తెచ్చి మేడమ్ చేతిలో పెట్టి, తను వెళ్ళి బడి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సూది పడింది. పని అయిపోయింది. తాడు తీసుకోవడానికి మాత్రం అతను రాలేదు. దూడకి అక్కడ నిలబడాలని లేదు. గోడ పక్కన మొలిచిన లేత పచ్చిక వైపు లాగింది. మేడమ్ తాడు వదలకుండా దాని వెనకే వెళ్ళారు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకున్నాయి. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. దూడ రెండడుగులు వేసి మేసేది, మళ్ళీ రెండడుగులు వేసేది. అది ఎటు లాగితే ఆవిడ అటే నడుస్తూ, ఆ వానలో గోడ చివరి దాకా వెళ్ళారు.